నలభై రెండో సొరుగు

కాగితంలో పదింటికి రమ్మని ఉంది. వచ్చాక గుమస్తా పదకొండింటికి పిలుస్తారంది. మధ్యలో మిగిలిన ఈ గంట ఎందుకో నాకు అంతుపట్టడం లేదు. పదకొండు అని కొట్టబోయి పది అని కొట్టి ఉంటారని సరిపెట్టుకోవచ్చు గానీ ఈ గుమస్తా అలాంటి మనిషి కాదు, రబ్బరు స్టాంపు వేసేటప్పుడు కూడా గీత మీద పడిందా లేదా అని వంగి చూసుకుంటుంది. కావాలనే రప్పించి ఉంటారు. గంటసేపు ఈ చెక్కబల్ల మీద కూర్చోబెడితే తప్పు చేసినవాళ్ళు కదులుతారు, చేయనివాళ్ళు కదలరు అని ఎవరో లెక్క వేసి ఉంటారు. అందుకని నేను కదలడం లేదు. మరీ కదలకుండా కూర్చుంటే అదీ అనుమానంగా ఉంటుందేమోనని మధ్యమధ్య కాలు మారుస్తున్నాను. ఒళ్ళో మందుల గది పుస్తకం, దాని అట్ట మీద నా అరచేతి చెమట. ఎదురుగా మాస్టారి గది తలుపు. పైసగం గరుకు అద్దం, అవతల ఏముందో తెలియదు, నీడలు మాత్రం తెలుస్తాయి. రెండు నీడలు. ఒకటి అటూ ఇటూ తిరుగుతోంది, అది మాస్టారిది, ఎడమ భుజం కాస్త జారినట్టు ఉంటుంది కాబట్టి పోల్చుకోగలను. మాకు నాడి చూడటం నేర్పేది ఆయనే, ఈ శాఖకి పెద్దా ఆయనే, నా స్కాలర్‌షిప్ కాగితాల మీద సంతకం పెట్టేదీ ఆయనే. రెండో నీడ కూర్చుని ఉంది. వచ్చినప్పటి నుంచి చూస్తున్నాను, ఒక్కసారి కూడా లేవలేదు. అంతసేపు అలా కూర్చోగలిగేది ఎవరు? పై ఆఫీసు నుంచి వచ్చినవాళ్ళా? పోలీసులైతే టోపీ నీడ కనిపించదా?

కాగితం నిన్న సాయంత్రం గది తలుపు కింద నుంచి లోపలికి జరిపారు, నేను వచ్చేసరికి నా దిండు మీద ఉంది. పైన నా పేరు, కింద సంతకం, మధ్యలో ఒకే ఒక్క వాక్యం. మందుల గది పుస్తకంతో సహా హాజరు కావలెను. కారణం రాయలేదు. మంచి విషయమైతే కారణం రాస్తారు. గత ఏడాది నాడి పరీక్షలో నాకు మొదటి స్థానం వచ్చినప్పుడు అభినందనలు అనే మాట మొదటి గీతలోనే ఉంది, ఆ మాట నేను నిఘంటువులో వెతుక్కుని చదువుకున్నాను. ఈ దేశం వచ్చి ఏడాదిన్నర అయింది. వీళ్ళ భాష నాకు సగం అర్థమవుతుంది, మిగతా సగం నేనే పూరించుకుంటాను. నేను పూరించుకునే సగంలో అందరూ ఎప్పుడూ నా గురించే మాట్లాడుకుంటూ ఉంటారు. ఇప్పుడు గుమస్తా ఫోనులో ఎవరితోనో “ఆ, ఇక్కడే ఉంది, కూర్చుంది” అంటోంది. ఫైలు గురించి కావచ్చు. ఫైలు కూర్చుంటుందా?

పొద్దున పక్కమంచం నా తెల్లకోటు ఇస్త్రీ చేసి పెట్టింది. పక్కమంచం అంటే నా గదిలో ఉండే అమ్మాయి. ఆమెదీ మరో దేశం, ఆమెదీ నాలాంటి స్కాలర్‌షిప్పే, ఆమె పేరు నా నోట సరిగా పలకదు, నా పేరు ఆమె నోట అసలు పలకదు, అందుకని ఆమె నాకు పక్కమంచం, నేను ఆమెకి కిటికీమంచం. ఇన్నాళ్ళలో ఆమె నా బట్టలు ఇస్త్రీ చేసింది లేదు. నేను స్నానం చేసి వచ్చేసరికి కోటు కుర్చీ వీపు మీద గంజి పెట్టినట్టు నిలబడి ఉంది. “ఎందుకు చేశావు?” అన్నాను. “ముడతలు పడిపోయిందిగా. ఇవ్వాళ నువ్వు బాగా కనపడాలి” అంది. ఇవ్వాళ అంటే? ఇవ్వాళ ఏముందో నేను చెప్పలేదే. కాగితం తలుపు కింద నుంచి వచ్చినప్పుడు గదిలో ఉన్నది ఆమె. మడత విప్పి చదివి మళ్ళీ మడిచి నా దిండు మీద పెట్టి ఉంటుంది. అంతేనా, ఆ కాగితం రావడానికి కారణం కూడా ఆమేనా? చేసేది చేసేసి, ఆ తరువాత మనసు ఒప్పక కోటు ఇస్త్రీ చేసేవాళ్ళు ఉంటారు. గుమ్మం దాటుతుంటే వెనక నుంచి ఈల వేసింది. ఎప్పుడూ వేస్తుంది. ఈ రోజు మాత్రం ఆ ఈల నా వీపుకి తగిలింది.

అనుమానపడటం నాకు పాలతో పాటు పట్టించారు. అమ్మానాన్నల ఉద్యోగాలు ఏటా ఊళ్ళు మారేవి కావడంతో నన్ను పెంచింది మేనత్త. అత్త పెద్దాసుపత్రిలో ఇంజెక్షన్ల గది నర్సు. సీసా చేతిలోకి తీసుకున్నప్పుడు ఒకసారి, సూది గుచ్చే ముందు ఒకసారి, సీసా పక్కన పెట్టేసేటప్పుడు ఒకసారి, మొత్తం మూడుసార్లు దాని మీది కాగితం చదివేది, మూడోసారి పైకి చదివేది. ఇంట్లో కూడా అంతే. ఉప్పు డబ్బా మీద ఉప్పు అని రాసి ఉన్నా వేలు ముంచి నాలుకకి రాసుకునేది. “నీకు ఎవరి మీదా నమ్మకం లేదా అత్తా?” అంటే “నా మీదే నాకు లేదే, ఇంకొకళ్ళ సంగతి ఎందుకు?” అని నవ్వేది. నేను మన ఆయుర్వేదం చదువుతానంటే మొహం చిట్లించింది, చదివాక ఈ దేశపు పాత వైద్యం నేర్చుకోవడానికి వీళ్ళ ప్రభుత్వమే స్కాలర్‌షిప్ ఇచ్చి పిలిచిందంటే ఇంకా చిట్లించింది, “వేళ్ళూ ఆకుల కోసం విమానం ఎక్కాలా? పెరట్లో తవ్వుకుంటే రావా?” అంది. ఆ సాయంత్రమే వార్డు వార్డంతా తిరిగి మా ఆకుల డాక్టరమ్మ విదేశం పోతోందని చెప్పొచ్చిందట, ఆ సంగతి వాళ్ళ స్వీపరు చెబితే తెలిసింది నాకు. మొన్న ఆదివారం ఫోనులో “ఏమే, గొంతు అదోలా ఉంది” అంది. “చలికి” అన్నాను. “చలికి గొంతు బొంగురు పోతుంది, సన్నబడదు” అంది. అత్తకి కూడా ఎవరైనా చెప్పారా? అత్తకి ఎవరు చెబుతారు, అత్త ఎక్కడ, ఇది ఎక్కడ? చూశారా, నేను చివరికి ఇంజెక్షన్ల గది దాకా వెళ్ళిపోయాను.

సరే, మొదటి నుంచి చూసుకుందాం. మొదలు అంటే మందుల గది. ఒక గోడ పొడుగునా చిన్న చిన్న సొరుగులు, నూట ఇరవై, ప్రతిదానికీ ఇత్తడి రింగు, రింగు పైన లేబులు. లోపల వేళ్ళు, బెరళ్ళు, ఎండిన పువ్వులు, గింజలు. ఆ గది తాళంచెవీ, పుస్తకమూ ఒక్కో నెల ఒక్కో విద్యార్థి దగ్గర ఉంటాయి, ఈ నెల నా దగ్గర ఉన్నాయి. నలభై ఒకటో సొరుగులో వాపు వేరు ఉంటుంది. ఒంట్లో చేరిన నీరు తీయడానికి వాడేది అదే, గుండ్రంగా బిళ్ళలుగా కోసి ఎండబెడతారు, బిళ్ళ మీద బండి చక్రం ఆకుల్లాంటి గీతలు. నలభై రెండో సొరుగులో ఉన్నదానికి మేము పెట్టుకున్న పేరు దొంగ వేరు. అదే రంగు, అదే చక్రం, అవే గీతలు. కాకపోతే అది మెల్లగా కిడ్నీలను తినేస్తుంది. దాన్ని ఎవరికీ ఇవ్వరు, రెండింటికీ తేడా పోల్చుకోవడం మాకు రావాలని పాఠం కోసం పక్కనే పెట్టారు. మొదటి వారం పాఠంలోనే మాస్టారు రెండు బిళ్ళలు మా ముందు పెట్టి ఏది ఏదని అడిగారు. పన్నెండు మందిమి వంగి, అద్దాలు సర్దుకుని, వెలుతురులోకి పట్టి చూశాం. ఆరుగురు ఇదన్నారు, ఆరుగురు అదన్నారు. ఆయన రెండూ తీసుకుని పుటుక్కున విరిచారు. “కంటితో చూసేది సగమే. విరిచి వాసన చూడండి” అన్నారు. వాపు వేరు విరిస్తే ముక్కు లోపల గుచ్చినట్టు ఘాటు వస్తుంది. దొంగ వేరుకి ఏ వాసనా ఉండదు. వాసన లేకపోవడమే దాని గుర్తు.

ఇక ఆయమ్మ. మా హాస్టలు తుడిచే ఆవిడని వీళ్ళ భాషలో ఏదో అంటారు, నేను మనసులో ఆయమ్మ అనే పిలుచుకుంటాను. యాభై దాటిన మనిషి, మాట తక్కువ, మేము తడి నేల మీద నడిస్తే మాత్రం ఒక చూపు చూస్తుంది, ఆ చూపుకి మళ్ళీ వెనక్కి వెళ్ళి అంచు వెంట నడిచి వస్తాం. రెండు వారాల కిందట ఒక మధ్యాహ్నం ఆవిడ మెట్ల మీద కూర్చుని మేజోడు కిందికి లాగి చీలమండ దగ్గర బొటనవేలితో నొక్కుకుంటోంది. వేలు తీశాక గుంట అలాగే ఉండిపోయింది, కలిపిన పిండిలో వేలు పెట్టి తీసినట్టు. నేను ఆగాను. “ఎన్నాళ్ళ నుంచి?” అన్నాను. “చలికాలం మొదలైనప్పటి నుంచి.” “మా ఆసుపత్రిలో చూపించుకోలేదా?” “పొద్దున పోతే సాయంత్రం దాకా లైను. సెలవు ఎవడిస్తాడు?” అంది. నాకు జాలి వేసిందని ఎవరికైనా చెప్పుకోవచ్చు. నిజం చెప్పాలంటే నాకు సంబరం వేసింది. ఏడాదిన్నరగా బొమ్మల మీదా, ఒకళ్ళ చెయ్యి ఒకళ్ళం పట్టుకునీ నేర్చుకుంటున్నాను, రెండో ఏడు పూర్తయ్యే దాకా రోగిని ముట్టుకోవడానికి వీల్లేదని నియమం, ఎదురుగా మాత్రం పుస్తకంలో రాసినట్టే ఒక వాపు కూర్చుని ఉంది. నేను ముట్టుకోలేదు. నాడి చూడలేదు. ముట్టుకోలేదు కాబట్టి నియమం తప్పలేదని అనుకున్నాను. నాలుగు రోజులు ఆలోచించి, ఐదో రోజు భోజనాల వేళ మందుల గది తెరిచి తొమ్మిది బిళ్ళలు పొట్లం కట్టి, పుస్తకంలో అభ్యాసానికి అని రాసి, మెట్ల మలుపులో ఆవిడ చేతిలో పెట్టాను. “మూడు రోజులు, రోజుకి మూడు బిళ్ళలు, రెండు గ్లాసుల నీళ్ళు ఒక గ్లాసు అయ్యేదాకా కాచి తాగండి. ఎవరికీ చెప్పకండి” అన్నాను. ఆవిడ తలూపింది. అంతే జరిగింది. అంతే కదా?

సోమవారం నుంచి ఆయమ్మ రావడం లేదు. వేరే ఆవిడ వచ్చి తుడుస్తోంది, నీళ్ళు ఎక్కువ పోస్తుంది, మూలలు వదిలేస్తుంది. మంగళవారం ఉండబట్టలేక ఆవిడని అడిగాను, పాతామె ఏదని. ఒక మాట చెప్పింది. వీళ్ళ భాషలోనూ మన ‘పోయింది’ లాంటి మాట ఒకటి ఉంది, వెళ్ళిపోయిందనీ అర్థం వస్తుంది, చనిపోయిందనీ వస్తుంది, చెప్పేవాళ్ళ మొహం చూసి తెలుసుకోవాలి. ఆవిడ మొహం బకెట్లోకి ఉంది. మళ్ళీ అడిగితే నా మొహం చూస్తుందేమోనని అడగలేదు. అప్పటి నుంచి కళ్ళు మూసినా తెరిచినా ఆ తొమ్మిది బిళ్ళలే. అవి ఏ సొరుగులోవి? నా చెయ్యి ఏ రింగు పట్టుకుంది? కింది నుంచి మూడో వరస, కిటికీ వైపు నుంచి రెండోది. రెండోదా? కిటికీ వైపు నుంచి మొదటిది నలభై రెండా, నలభై ఒకటా? రోజూ చూసే గోడ, ఎదురుగా నిలబడితే కళ్ళు మూసుకుని చెప్పగలను, ఇక్కడ కూర్చుని తలుచుకుంటే సొరుగులు అటు నుంచి ఇటూ ఇటు నుంచి అటూ లెక్కకి వచ్చేస్తున్నాయి.

లేబుళ్ళు. అవును, లేబుళ్ళు. ఆ వారం ముప్పై ఏడు నుంచి నలభై ఎనిమిది దాకా పాతబడిన లేబుళ్ళు పీకేసి కొత్తవి రాస్తున్నారు, రాసే పని పక్కమంచానిది, ఆమె అక్షరం ముత్యం. కొత్తవి అయ్యేదాకా చిన్న చీటీల మీద అంకెలు వేసి గుండుసూదితో గుచ్చింది. చీటీ తీసి పక్కదానికి గుచ్చడం ఎంతసేపు? పొరపాటునే కావచ్చు. కావాలని కూడా కావచ్చు. ఎందుకంటే మూడో ఏడు స్కాలర్‌షిప్ మా ఇద్దరిలో ఒక్కరికే అని మాస్టారు పండక్కి చీర కొనిస్తాననే మేనమామలా ఊరించి ఊరించి చెప్పారు. ఆ రోజు నుంచే ఆమె నాతో మరీ మంచిగా ఉంటోంది. నా ఉచ్చారణ దిద్దుతోంది. నా వంతు వచ్చినప్పుడు కూడా గది ఊడుస్తోంది. పొట్లం ఇచ్చిన సాయంత్రం “తుడిచే ఆవిడకి ఏదో ఇచ్చావట?” అని అడిగింది. “ఎవరన్నారు?” అంటే “చూశాను” అంది, అని ఈల వేసుకుంటూ తువ్వాలు తీసుకుని వెళ్ళిపోయింది. చూసింది, ఎవరికి చెప్పింది? ఆ అద్దం వెనక కదలకుండా కూర్చున్న నీడ ఆమెదేనా? కాదు, ఆమె అంత లావు లేదు. గరుకు అద్దంలో మనుషులు లావుగా కనిపిస్తారా?

గుమస్తా లేచి పక్క గదిలోకి వెళ్ళింది. గడియారం పదకొండుకి నాలుగు నిమిషాలు తక్కువ. పుస్తకం విప్పాను. పొట్లం కట్టిన రోజు పేజీ. నా రాత, తేదీ, తొమ్మిది బిళ్ళలు, అభ్యాసానికి. ఆ గీత కింద రెండు వేళ్ళ ఖాళీ ఉంది. ఈ పుస్తకంలో సిరాతోనే రాయాలని నియమం, అందుకే నా కోటు జేబులో ఎప్పుడూ సిరా పెన్ను ఉంటుంది. ఇస్త్రీ చేసేటప్పుడు పక్కమంచం ఆ పెన్ను తీసి, మళ్ళీ జాగ్రత్తగా జేబులో పెట్టింది. ఏమీ జరగకపోయి ఉంటే ఈ ఖాళీలో ఏం రాసినా ఎవరూ చదవరు. ఏదైనా జరిగి ఉంటే ఖాళీ నా మీద సాక్ష్యం చెబుతుంది. ఎవరో నా గురించి నన్ను అడక్కుండా ఏదో రాసి పైకి పంపే ఉంటారు కదా, నేనూ ఒక మాట రాస్తే తప్పేమిటి? ఇలాంటి లెక్కలు చాలా త్వరగా తేలిపోతాయి. పెన్ను తీశాను. ఈ తేదీన 41, 42 సొరుగుల చీటీలు తారుమారుగా ఉన్నట్టు గమనించాను, చీటీలు గుచ్చినది నా సహవిద్యార్థిని. అక్షరాలు చిన్నగా, పాత రాతలా కనిపించేలా ఇరికించి రాశాను. వ్యాకరణం కూడా తప్పు పోలేదు. ఏడాదిన్నరలో వీళ్ళ భాషలో నేను తప్పు లేకుండా రాసిన మొదటి పెద్ద వాక్యం అదే అనుకుంటాను.

పుస్తకం మూసేసరికి గుమస్తా వచ్చి నా పక్కన వేడినీళ్ళ గ్లాసు పెట్టింది. “తాగండి, చలిగా ఉందిగా” అంది. ఎందుకు పెట్టింది? ఖైదీలకి పెట్టినట్టా? నేను రాయడం చూసిందా? గ్లాసు మొహం దగ్గరికి తెచ్చుకున్నాను. ఆవిరి ముక్కులోకి వెళ్ళింది, ఆవిరితో పాటు బల్లకి వేసిన వార్నిషు వాసన, కోటుకి ఇస్త్రీ వాసన, గుమస్తా చేతికి రాసుకున్న ఏదో లేపనం వాసన. అన్నీ తెలుస్తున్నాయి. అన్నీ తెలుస్తున్నాయి అనుకున్న ఆ క్షణంలో, ఇన్ని రోజులుగా తలలో ఏ మూలకి తోసి ఉంచానో అక్కడి నుంచి అది లేచి వచ్చి ఎదురుగా నిలబడింది. ఆ రోజు నాకు జలుబు. రెండు ముక్కులూ దిమ్మ వేసినట్టు మూసుకుపోయి, నోటితో గాలి పీలుస్తూ, ఒక చేత్తో రుమాలు పట్టుకుని, ఇంకో చేత్తో సొరుగు లాగాను. చీటీ వైపు అసలు చూడలేదు, తలుపు వైపు చూస్తున్నాను, ఎవరైనా వస్తారేమోనని. విరవలేదు. విరిచినా ఏం తెలిసేది? జలుబుగా ఉన్నవాడికి లోకంలోని వేళ్ళన్నీ దొంగ వేళ్ళే. చీటీలు తారుమారయ్యాయో లేదో నాకు తెలియదు. వాటిని నేను చూడనే లేదు. ఇంతకాలం అందరినీ ఒక్కొక్కరినీ నిలబెట్టి ప్రశ్నలు వేశాను, వరసలో నిలబడని మనిషిని నేనే. పుస్తకం మళ్ళీ విప్పి ఆ వాక్యం కొట్టేయాలి. పెన్ను మూత తీశాను.

“పిలుస్తున్నారు” అంది గుమస్తా.

లోపల కూర్చున్న నీడ ఆయమ్మ. కుర్చీలో వెనక్కి వాలి, రెండు కాళ్ళూ ఎత్తుపీట మీద పెట్టుకుని, చేతులు ఒళ్ళో పెట్టుకుని ఉంది. బతికే ఉంది. అంత పెద్ద ఊపిరి నా లోపల ఉందని అప్పటి దాకా నాకు తెలియదు, అది బయటికి వచ్చిన చప్పుడుకి మాస్టారు నా వైపు తిరిగారు. బల్ల మీద నా పొట్లం విప్పి ఉంది. తొమ్మిది బిళ్ళలు. ఒక్కటి కూడా తగ్గలేదు. ఆయన ఒక బిళ్ళ తీసి పుటుక్కున విరిచి నా ముక్కు దగ్గర పెట్టారు. ఏమీ లేదు. ఉత్త గాలి.

“ఏమిటిది?” అన్నారు.

“దొంగ వేరు.”

“ఈవిడ వారం సెలవు పెట్టి కాళ్ళు చూపించుకోవడానికి లైనులో నిలబడింది. తన వంతు వచ్చాక ఇది తీసి బల్ల మీద పెట్టి, తాగొచ్చా అని అడిగింది. ఎవరిచ్చారంటే చెప్పలేదు. ఎవరికీ చెప్పొద్దన్నారంది. పొట్లం కట్టిన తీరు నాది, నేను నేర్పినవాళ్ళే అలా కడతారు. ఈ నెల తాళంచెవి నీ దగ్గర ఉంది. పుస్తకం ఇటివ్వు.”

ఇచ్చాను. ఆయన పేజీ వెతుక్కుని నిదానంగా పైకి చదివారు. తొమ్మిది బిళ్ళలు, అభ్యాసానికి. తరువాత కింది వాక్యం. చీటీలు తారుమారుగా ఉన్నట్టు. సహవిద్యార్థిని. చదువుతూ చూపుడు వేలు ఆ గీత వెంట నడిపించారు, ముప్పై ఏళ్ళుగా మనుషుల మణికట్ల మీద నడిచిన వేలు. గీత చివరికి వచ్చాక వేలు ఎత్తి చూసుకున్నారు. వేలి కొసకి నల్లగా అంటింది. నాకు చూపించలేదు, జేబులో రుమాలు తీసి తుడుచుకున్నారు.

“ఇది ఎప్పుడు రాశావు?”

ఇంకో అబద్ధం గొంతు దాకా వచ్చింది, సిరా మంచిది కాదని, ఈ దేశపు చలికి ఆరదని. ఆయమ్మ నా వైపు చూస్తోంది. తడి నేల మీద నడిచినప్పుడు చూసే చూపు. “ఇప్పుడే” అన్నాను. “బయట బల్ల మీద. చీటీలు నేను చూడలేదండీ. ఆ రోజు జలుబుగా ఉంది. విరవలేదు. ఆమె తప్పు ఏమీ లేదు.” ఎన్నిసార్లు చెప్పానో తెలియదు, చివర చివర మన భాషలోకి జారిపోయాను, ఆయన చెయ్యెత్తి ఆపారు.

అరవలేదు. అరిచి ఉంటే తేలిగ్గా ఉండేది. కుర్చీలో కూర్చుని బిళ్ళలు ఒక్కొక్కటిగా పొట్లంలోకి చేర్చారు. “ఆ రెండు సొరుగులూ పక్కపక్కన పెట్టింది నేను. ముప్పై ఏళ్ళుగా పాఠం బాగా వస్తుందని అలాగే ఉంచాను. అది నా తప్పు, నా మీద నేను రాసుకుంటాను” అన్నారు. “తప్పు మందు ఇచ్చావని రాస్తే నీ చదువు ఇవ్వాళే ఆగిపోతుంది. తాగలేదు కాబట్టి అలా రాయను, అనుమతి లేకుండా మందు తీసిందని రాస్తాను. రెండో ఏడు పూర్తి చెయ్యి. మూడో ఏడుకి నీ పేరు నేను పంపలేను. తాళంచెవి గుమస్తాకి ఇచ్చేసి వెళ్ళు. రేపటి నుంచి గోదాములో, వచ్చిన మూటలు విప్పి ఏరే పని. ఆ రెండో వాక్యం సంగతి ఆ అమ్మాయికి నువ్వే చెప్పాలి. సాయంత్రం లోపు. చెప్పావో లేదో నేను అడుగుతాను.”

తాళంచెవి ఇచ్చేటప్పుడు గుమస్తా ఒక రసీదు రాసి, వంగి చూసుకుని, గీత మీద స్టాంపు వేసింది. మెట్ల దగ్గర ఆయమ్మ రెయిలింగు పట్టుకుని నిలబడి ఉంది, కిందికి ఎలా దిగాలా అని చూస్తున్నట్టుంది. పక్కకి వెళ్ళి నిలబడ్డాను. క్షమించమని అడగడానికి వీళ్ళ భాషలో మూడు మాటలు ఉన్నాయి, చిన్న తప్పుకి ఒకటి, పెద్ద తప్పుకి ఒకటి, పెద్దవాళ్ళకి ఒకటి. మూడూ వరసగా అనేశాను.

“ఎందుకు తాగలేదమ్మా మీరు?” అన్నాను తరువాత.

“తాగుదామనే నీళ్ళు పొయ్యి మీద పెట్టాను” అంది ఆవిడ. “నీళ్ళు కాగేలోపు ఆలోచన వచ్చింది. నువ్వు పొట్లం ఇస్తూ రెండుసార్లు వెనక్కి చూశావు. నా కాళ్ళ వంక ఒక్కసారి చూడలేదు. మందిచ్చేవాళ్ళు ఎటు చూడాలి పిల్లా? పొయ్యి ఆపేశాను.”

“మాస్టారు మందిచ్చారా?”

“ఇచ్చాడు. అదీ తాగాలో లేదో చూడాలి. మీ ఇద్దరి మందూ ఒకే గదిలోంచి వచ్చింది కదా.” నవ్వలేదు, మామూలుగా అంది. ఆ మాటకి నాకు ఏడుపు రావాల్సింది, నవ్వొచ్చింది. నవ్వుతుంటే ఏడుపు వచ్చింది. ఆవిడ అవేమీ పట్టించుకోలేదు. “నువ్వు ముందు ఒక మెట్టు దిగు. నీ భుజం పట్టుకుంటా. నీ మందు మీద నమ్మకం లేదు గానీ భుజం గట్టిగానే ఉంది” అంది.

దిగాను. భుజం మీద బరువు పడింది, నేను అనుకున్నదానికంటే ఎక్కువ. ఒక్కో మెట్టుకీ ముందు నేను దిగి ఆగుతున్నాను, తరువాత ఆవిడ రెండు పాదాలూ ఒకే మెట్టు మీదికి తెచ్చుకుంటోంది. రబ్బరు చెప్పుల్లోంచి పాదాల అంచులు పైకి పొంగి ఉన్నాయి. ఆ పాదాలను సరిగ్గా చూడటం అదే మొదటిసారి. సగం దిగేసరికి కింద నుంచి ఈల వినిపించింది. పక్కమంచం చేతిలో పుస్తకాలతో పైకి వస్తోంది. ఆయమ్మని చూసి, నన్ను చూసి, ఈల ఆపేసి, నాలుగు మెట్ల కింద నిలబడిపోయింది. “ఏమైంది? నీకేం కాలేదుగా?” అంది. సాయంత్రం దాకా టైముంది. గదిలో చెప్పొచ్చు, దీపం ఆర్పేశాక చెప్పొచ్చు, మొహం కనపడకుండా చెప్పొచ్చు.

“నీ మీద ఒక అబద్ధం రాశాను” అన్నాను. “మందుల గది పుస్తకంలో. చీటీలు నువ్వు తారుమారు చేశావని. అది నిజం కాదని మాస్టారికి చెప్పాను. మూడో ఏడు నీకే వస్తుంది.”

ఆమె పుస్తకాలను గుండెకి హత్తుకుంది. నా మొహంలోకి చాలాసేపు చూసింది. ఇంకా ఎక్కడెక్కడ ఏమేమి రాశానో వెతుకుతున్నట్టు చూసింది. ఇంతకాలం నేను ఆమెని చూసిన చూపు అదేనని, ఎదుటివాళ్ళ వైపు నుంచి అది ఇలా ఉంటుందని అప్పుడు తెలిసింది. “పొద్దున కోటు ఎందుకు ఇస్త్రీ చేశానో తెలుసా?” అంది. “మూడో ఏడు కోసం నిన్ను పిలిచారేమో అనుకున్నాను.” గోడ వైపు ఒదిగి, మాకు తగలకుండా పైకి వెళ్ళిపోయింది. నేను తిరిగి చూడబోతే భుజం మీద చెయ్యి గట్టిగా నొక్కింది.

“కిందికి చూసి దిగు” అంది ఆయమ్మ. “ఇంకా ఏడు మెట్లున్నాయి.”